తగ్గించింది ఉప్పునీళ్లా, వారానికోసారి వేసుకున్న మాత్రా?

గుంటూరు జిల్లా నుంచి ఒక గృహిణి వివరంగా ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. వయసు 52. ఏడాదిగా వేళ్ల కణుపులు, మణికట్లు వాచిపోతున్నాయి. పొద్దున లేచాక గంటన్నర గడిస్తే గానీ పిడికిలి ముడుచుకోదు. సంక్రాంతి వెళ్లాక కీళ్ల డాక్టరుకు చూపించుకుంటే రక్తపరీక్షలు చేయించి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) అని తేల్చారు. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., మర్నాడు ఫోలిక్ యాసిడ్ రాసిచ్చారు. బీపీకి టెల్మిసార్టాన్, నీరు తీసే మందు కలిసిన మాత్ర అంతకుముందు నుంచే వాడుతున్నారు.

ఉగాది రోజుల్లో ఆవిడ ఆడపడుచు ఒక వీడియో పంపారు. హిమాలయన్ పింక్ సాల్ట్ గడ్డలను గాజుసీసాలో వేసి, ఇక కరగనంత వరకు నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పరగడుపున తాగితే ఒంట్లో వాపులన్నీ పోతాయని, అందులో 84 ఖనిజాలున్నాయని, ప్యాకెట్ ఉప్పు మాత్రం విషమని దాని సారాంశం. ఆడపడుచుకు మోకాళ్ల నొప్పి తగ్గిందట. ఈవిడ కూడా పొద్దున రెండు టీ చెంచాల ఉప్పునీళ్లు గ్లాసు నీటిలో కలిపి తాగడం మొదలుపెట్టారు. పది రోజుల్లో వేళ్లు తేలికయ్యాయి. సంతోషంతో సాయంత్రం కూడా రెండు చెంచాలు తాగారు. మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజు వికారం, దువ్వెనకు జుట్టు ఊడి రావడం ఎలాగూ ఇబ్బంది పెడుతున్నాయి కాబట్టి ఏప్రిల్ చివర్లో ఆ మాత్ర ఆపేశారు. డాక్టరుకు చెప్పలేదు.

ఇప్పుడు నెల దాటింది. కణుపులు మళ్లీ వాచాయి. మందుల షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర రోజుకు రెండు వేసుకుంటున్నారు. సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బుతున్నాయి, నొక్కితే గుంట పడుతోంది. బీపీ 158/96 ఉంది. వీడియో కింద ‘మొదట్లో ఇలాగే ఉంటుంది, ఒంట్లో విషం బయటికి పోతోంది’ అని ఎవరో రాశారట. ఉత్తరం చివర్లో మాటవరసకన్నట్టు ఇంకొకటి రాశారు: ఇంట్లో ప్యాకెట్ ఉప్పు పూర్తిగా మానేశారు, నలుగురికీ పింక్ ఉప్పుతోనే వంట, కిలో ప్యాకెట్ పాతిక రోజులకు అయిపోతోంది, కోడలికి ఇప్పుడు అయిదో నెల. ‘ఉప్పునీళ్లు కొనసాగించాలా, మోతాదు పెంచాలా? మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే తిడతారేమోనని భయంగా ఉంది’ అని అడిగారు.

*

అమ్మా, మీ ప్రశ్నకు ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీ కోడలి సంగతి.

పింక్ ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ. కొన్ని కంపెనీలు దానికి అయోడిన్ కలిపి అమ్ముతాయి, చాలామంది కలపరు. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి 250 కావాలి. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడ్ హార్మోన్ అవసరం, ఆ హార్మోన్ తయారీకి ముడిసరుకు అయోడిన్. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్–ఫోలిక్ యాసిడ్ మాత్రల్లో అయోడిన్ ఉండదు. పాలు, గుడ్లు, సముద్రపు చేపల నుంచి కొంత వస్తుంది, కానీ మన ఇళ్లలో ప్రధానంగా అందేది ఉప్పు ద్వారానే. ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి గుర్తు ఉంటే అది అయోడిన్ కలిపిన ఉప్పు. మన దగ్గర అమ్మే అయోడైజ్డ్ ఉప్పులో మనింటికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. గళ్ల ఉప్పే ఇష్టమైతే అందులో కూడా అయోడిన్ కలిపినది దొరుకుతుంది.

కాబట్టి వంటింట్లో ఉప్పు ఇవాళే మార్చండి. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టండి. ఉప్పు కూర దించే ముందు వేస్తే అయోడిన్ తక్కువ పోతుంది. కోడలు ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు రెండు నెలలుగా అయోడిన్ లేని ఉప్పు తిన్నామని డాక్టరుకు చెప్పి, థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేశారో అడగమనండి. రెండు నెలలకే ఏదో అయిపోతుందని హడలిపోవద్దు. అలాగని లోటు పూడ్చాలని అయోడిన్ చుక్కలు కొని వేయొద్దు, ఉప్పు ఎక్కువా తినిపించొద్దు. అయోడిన్ మితిమీరినా థైరాయిడ్ దెబ్బతింటుంది.

ఇక మీ విషయానికి వద్దాం.

మీరు రాసిన తేదీలను వరుసగా పెట్టి చూడండి. జనవరి మధ్యలో మెథోట్రెక్సేట్ మొదలైంది. ఈ మందు నొప్పి మాత్రలా గంటలో పనిచేయదు. రోగనిరోధక వ్యవస్థ మన కీళ్ల పొర మీదే దాడి చేయడాన్ని ఇది మెల్లగా అణుస్తుంది. ఫలితం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మీరు ఉప్పునీళ్లు మొదలుపెట్టింది మార్చి రెండో భాగంలో, అంటే మాత్ర మొదలైన తొమ్మిదో వారంలోనో పదో వారంలోనో. మందు పట్టు దొరికే సమయమూ అదే. పది రోజుల్లో వేళ్లు తేలికయ్యాయన్న మాట నిజమే, మీరేమీ ఊహించుకోలేదు. ఆ మెప్పు మాత్రం రెండు నెలల ముందు వేసిన మాత్రకు రావాల్సింది, ముందురోజు కొన్న ఉప్పుకు వెళ్లింది.

ఆపాక జరిగినదీ ఇలాగే. మెథోట్రెక్సేట్ మానేసిన మర్నాడే కీళ్లు వాచవు. కొన్ని వారాలు దాని ప్రభావం నిలుస్తుంది. ఆ వారాల్లో ‘మాత్ర లేకుండానే బాగున్నాను కదా’ అనిపిస్తుంది. తర్వాత వాపు తిరగబెడుతుంది. ఉప్పునీళ్లు రెండుపూటలా తాగుతుండగానే మీ వేళ్లు మళ్లీ వాచాయి. ఉప్పే పనిచేసి ఉంటే, మోతాదు రెట్టింపయ్యాక నొప్పి ఎందుకు తిరిగొస్తుంది? మోతాదు పెంచాలా అన్న మీ ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది.

మీ ఆడపడుచుకు తగ్గింది కదా అంటారు. ఆవిడది మోకాళ్ల నొప్పి అని రాశారు. వయసు మీద పడ్డాక మోకాలి మృదులాస్థి అరిగి వచ్చే నొప్పి అయితే దానికీ మీ జబ్బుకూ సంబంధం లేదు. అరుగుదల నొప్పి వారాల తరబడి తనంతట తానే ఎక్కువా తక్కువా అవుతుంటుంది. మీది అలా కాదు. వదిలేస్తే కణుపుల లోపల ఎముక కొరుక్కుపోయి వేళ్లు వంకర తిరుగుతాయి, ఆ నష్టం తర్వాత ఏ మందుతోనూ వెనక్కి రాదు. మొదటి ఏడాది రెండేళ్లలో వాపును గట్టిగా అణచడం మీద డాక్టర్లు పట్టుబట్టేది అందుకే.

ఇప్పుడు మీ ఒంట్లోకి వెళ్తున్న ఉప్పు లెక్క వేద్దాం. ఇక కరగనంత ఉప్పు కలిసిన నీటిలో వంద మిల్లీలీటర్లకు సుమారు 31 గ్రాముల ఉప్పు ఉంటుంది. టీ చెంచా అయిదు మిల్లీలీటర్లు, అంటే చెంచాకు 1.6 గ్రాముల దాకా ఉప్పు. మీరు రోజుకు నాలుగు చెంచాలు తాగుతున్నారు. అక్కడికే ఆరు గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గానీ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పే హద్దు 5 గ్రాములు. అంటే అన్నం ముద్ద నోట్లో పెట్టకముందే మీ రోజువారీ వాటా అయిపోయింది.

దీని మీద వంట ఉప్పు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ పాతిక రోజులకు అయిపోతోందంటే తలకు రోజుకు 10 గ్రాములు. కొంత వార్చిన నీళ్లలో, గిన్నె అడుగున పోతుందనుకున్నా ఎనిమిదికి తగ్గదు. నిజానికి నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఆవకాయ ఒక చెంచా నిండా వేసుకుంటే ఇంకో గ్రామున్నర. మొత్తం కలిపితే మీరు రోజుకు పదిహేను గ్రాములకు అటూ ఇటూగా ఉన్నారు. హద్దుకు మూడు రెట్లు.

పాదాల వాపు, బీపీ పెరగడం ‘విషం బయటికి పోవడం’ కాదు. ఉప్పులోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరు కాళ్లలోకి దిగుతుంది. దీనికి ఎసిక్లోఫెనాక్ తోడైంది. ఆ తరహా నొప్పి మాత్రలు కిడ్నీలకు రక్తం వెళ్లే దారిని కుదించి, ఉప్పునూ నీటినీ ఇంకా నిలబెడతాయి, బీపీ మాత్ర పనిని సగంలో ఆపుతాయి. అసలు భయపడాల్సింది ఇక్కడే. టెల్మిసార్టాన్ లాంటి మందు, నీరు తీసే మందు, నొప్పి మాత్ర ఈ మూడూ ఒకేసారి కడుపులో పడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉందని డాక్టర్లందరికీ తెలుసు. మీ బీపీ మాత్రలో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది షాపులో కొన్నారు. పైగా మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు నెమ్మదించిన సమయంలో ఆ మాత్ర మళ్లీ వేసుకుంటే అది ఒంట్లో పేరుకుంటుంది. నోట్లో పుళ్లు, రక్తకణాలు పడిపోవడం, జ్వరం, ఇలా తేలుతుంది. అందుకే ‘తప్పు చేశాను, ఇవాళ్టి నుంచి మళ్లీ మెథోట్రెక్సేట్ వేసుకుంటాను’ అని కూడా మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. మానేసిన వారాలకు బదులుగా రెండేసి, మూడేసి అసలే వేసుకోవద్దు. ఇది వారం మాత్ర. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

పింక్ ఉప్పు గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని ‘సహజ ఉప్పు’ అని నమ్మి కొన్నారు. సహజమే, కాదనను. మన పెద్దవాళ్లు సైంధవ లవణం అనేది ఈ రాతి ఉప్పునే. దీనికి పేరుమోసిన ఖేవ్రా గని మంచుకొండల్లో లేదు, పాకిస్తాన్ పంజాబ్‌లోని ఉప్పుకొండల వరుసలో ఉంది. మన హిమాచల్‌లోని మండి దగ్గర కూడా రాతి ఉప్పు గనులున్నాయి. ఎక్కడిదైనా అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే, అంటే మీరు మానేసిన ప్యాకెట్‌లో ఉన్నదే. గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. చినగంజాం మడుల్లో ఎండిన సముద్రపు ఉప్పు, నౌపడ ఉప్పు, రాతి ఉప్పు, మిల్లు ఉప్పు, ఏది తిన్నా గ్రాముకు ఇంచుమించు 390 మిల్లీగ్రాముల సోడియం ఒంట్లో చేరుతుంది. గళ్ల ఉప్పు చెంచాలో కొంచెం తక్కువ పడుతుంది, గింజల మధ్య గాలి ఉంటుంది కాబట్టి. ‘పింక్ సాల్ట్‌లో సోడియం తక్కువ’ అనే మాట చాలావరకు అక్కడి నుంచే పుట్టింది.

మరి 84 ఖనిజాలు? ఉన్నాయనే అనుకుందాం. ఎంతున్నాయన్నది కదా ప్రశ్న. ఆస్ట్రేలియాలో దొరికే 31 రకాల పింక్ ఉప్పును పరీక్షించి 2020లో ప్రచురించిన విశ్లేషణలో తేలింది ఇది: ఆ ఖనిజాలు ఒంటికి చెప్పుకోదగ్గంత అందాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా ఆ ఉప్పు తినాలి. వాటిలో ఒక రకంలో సీసం అక్కడి హద్దును మించి ఉంది. ఖనిజాల జాబితాలో సీసం కూడా ఒకటి మరి! అయిదు గ్రాముల పింక్ ఉప్పులో మెగ్నీషియం పది, పదిహేను మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. గుప్పెడు వేరుశనగ గుళ్లలో దాదాపు 50 ఉంటుంది.

ప్యాకెట్ ఉప్పు విషమనడానికి వీడియోల్లో చూపించేది ఫెర్రోసైనైడ్. ఉప్పు గడ్డకట్టకుండా కలుపుతారు. పేరులో సైనైడ్ ఉన్నా అది ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది, విడివడి ఒంట్లో కలవదు. కిలోకు 10 మిల్లీగ్రాములకు మించకూడదన్న హద్దు కూడా ఉంది. అది కూడా వద్దనుకుంటే అయోడిన్ కలిపిన గళ్ల ఉప్పు కొని లేబుల్ చదవండి, సరిపోతుంది.

ఉప్పు వాపును తగ్గిస్తుందా అన్న అసలు ప్రశ్నకు దొరికిన ఆధారాలు ఎదురుదిశలో ఉన్నాయి. 2013లో నేచర్ పత్రికలో ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి. ఉప్పు ఎక్కువైతే టీహెచ్17 అనే తెల్లకణాలు పెరుగుతాయని ఎలుకల్లో, ప్రయోగశాల కణాల్లో చూపించాయి. మీ జబ్బులాంటి ఆటోఇమ్యూన్ వాపులో, అంటే రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసినప్పుడు వచ్చే వాపులో, చేయి ఉన్న కణాలవి. స్వీడన్‌లో చేసిన ఒక అధ్యయనంలో ఉప్పు ఎక్కువ తినే పొగతాగేవాళ్లలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఎక్కువగా కనిపించింది. వీటిని పట్టుకుని ఉప్పు వల్లే మీకు జబ్బు వచ్చిందని చెప్పలేం. ఉప్పు మానేస్తే జబ్బు పోతుందని కూడా చెప్పలేం. కానీ వాపు తగ్గాలని ఉప్పు పెంచడానికి ఎటునుంచీ ఆధారం లేదు.

ఆయుర్వేదం చెప్పిందంటారేమో. సైంధవం ఉప్పులన్నిటిలో మేలైనదని చెప్పిన మాట నిజం. చరక సంహితలోనే పిప్పళ్లు, క్షారం, లవణం మూడింటినీ అతిగా వాడకూడదని ఉంది. కీళ్లు వాచి సలిపే వాతరక్తానికి కారణాలు చెప్పేచోట కూడా లవణం పేరు ఉంది. వీడియో చేసినాయన మొదటి సగమే చదివినట్టున్నాడు.

ఇప్పుడు ఏం చేయాలన్నది. ఉప్పునీళ్లు ఇవాళే ఆపేయండి. ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు, మెల్లగా తగ్గించాల్సిన మందు కాదది. ఎసిక్లోఫెనాక్ కూడా ఆపి, కీళ్ల డాక్టరుకు గానీ, దొరక్కపోతే బీపీ చూసే డాక్టరుకు గానీ రెండు మూడు రోజుల్లో కనిపించండి. అంతవరకు నొప్పికి ఏం వేసుకోవచ్చో ఫోన్‌లో అడగండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు, వాళ్లు మార్చమంటే తప్ప. రెండు కాళ్లూ సమానంగా ఉబ్బితే రెండు మూడు రోజుల ఆలస్యం ఫర్వాలేదు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, మూత్రం బాగా తగ్గినా, బీపీ 180/110 దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా ఆగకండి, అదే పూట ఆసుపత్రికి వెళ్లండి.

బీపీ ఇంట్లో చూసుకునే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి. టీ తాగి అరగంట అయ్యాక, వీపు ఆనించి అయిదు నిమిషాలు కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడండి. నిమిషం ఆగి మళ్లీ చూడండి. పొద్దున మాత్ర వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి. ఇంట్లో చూసినప్పుడు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు రాసుకోండి. ఉప్పునీళ్లు ఆపాక మొదటి వారంలో కిలో, కిలోన్నర తగ్గి పాదాలు సన్నబడితే, అక్కడ నిలిచింది నీరేనని మీకే తెలుస్తుంది.

డాక్టరు తిడతారన్న భయం సంగతి. తిట్టొచ్చు, ఒక్క నిమిషం. దాచిపెడితే మాత్రం జరిగే నష్టం పెద్దది. మీరు మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నారనే అనుకుని వాపు చూస్తే, ఈ మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు, లేదా ఖరీదైన ఇంజెక్షన్లకు మారుస్తారు. ఒక కాగితం మీద ఇంతే రాసి బల్ల మీద పెట్టండి: మెథోట్రెక్సేట్ ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు, ఉప్పునీళ్లు ఎంత, ఎన్నాళ్లు, నొప్పి మాత్ర పేరు, రోజుకు ఎన్ని, బీపీ అంకెలు. నోటితో చెప్పాల్సిన అవసరం కూడా రాదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, మూత్రంలో ప్రోటీన్ చూడమంటారు. వాళ్లు మరచిపోతే మీరు అడగండి.

అక్కడ మీ ముందు ఉండే దారులు ఇవి. పరీక్షలు బాగుంటే పాత మాత్రే మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఈసారి ఇబ్బందులు తగ్గించుకుని. వికారానికి ఉపాయాలున్నాయి: రాత్రి భోజనం చేశాక వేసుకోవడం, ఫోలిక్ యాసిడ్ మోతాదు సవరించడం, మాత్రకు బదులు చర్మం కింద ఇంజెక్షన్ తీసుకోవడం. ఇంజెక్షన్‌తో కడుపు తిప్పడం చాలామందిలో తగ్గుతుంది. జుట్టు రాలడం మాత్రం కొంత ఉంటుంది, మోతాదును బట్టి తగ్గొచ్చు. ఈ దారిలో చిక్కల్లా మళ్లీ ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి, నెలనెలా రక్తపరీక్షలు తప్పవు. ఆ మధ్యకాలానికి డాక్టరు తక్కువ మోతాదులో స్టెరాయిడ్ ఇవ్వొచ్చు. అది కూడా ఉప్పును నిలబెట్టి బీపీ పెంచుతుంది. అప్పుడు 5 గ్రాముల హద్దు ఇంకా గట్టిగా పాటించాలి. స్టెరాయిడ్ మూడు వారాలు దాటి వాడితే మెథోట్రెక్సేట్ ఆపినట్టు ఠక్కున ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

మెథోట్రెక్సేట్ ససేమిరా వద్దనుకుంటే ఆ మాట పైకే అనండి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్, లెఫ్లునమైడ్ ఉన్నాయి. మొదటిది వాడితే కంటి పరీక్షలు కావాలి. చివరిది బీపీని పెంచగలదు కాబట్టి మీకు అంత అనువు కాకపోవచ్చు. మందు మార్చుకోవడం మీ హక్కు. అసలు మందే లేకుండా ఉంటానంటే మాత్రం పర్యవసానం పైన రాశాను: నొప్పి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ లోపల ఎముక కొరుకుడు ఆగదు.

ఆయుర్వేద వైద్యుణ్ణి కూడా కలుస్తానంటే కలవండి, రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలన్నది ఒక్కటే షరతు. పేరు లేని పొడులు, భస్మాలు మాత్రం తీసుకోకండి. వాటిలో స్టెరాయిడ్, పాదరసం, సీసం కలుస్తుంటాయి. మీ కిడ్నీలకు ఇప్పుడు ఇంకో పరీక్ష అక్కర్లేదు.

పింక్ ఉప్పు మీద మనసు పోవడం లేదా? వాడుకోండి, కడుపులోకి కాకుండా. ఉప్పు కాపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పొడి గళ్ల ఉప్పు రెండు గుప్పిళ్లు ఇనుప మూకుట్లో మధ్యస్థంగా మంట పెట్టి చిటపటలాడే వరకు మూడు నాలుగు నిమిషాలు వేయించండి. చెమ్మగా ఉన్న ఉప్పు ఎగిరి కంట్లో పడుతుంది, ముందు ఎండబెట్టండి. దళసరి నూలుగుడ్డ రెండు మడతల్లో మూటగట్టి, ముంజేతి లోపలి వైపు తాకించి వేడి చూసుకోండి. ఒకేచోట ఆనించి ఉంచకుండా పది, పదిహేను నిమిషాలు కదుపుతూ వేయాలి. ఇక్కడ పనిచేసేది వేడి. ఉప్పు ఆ వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, అంతే. ఇసుక మూటైనా ఇదే పని చేస్తుంది. బిగుసుకుపోయిన కండరానికి, పొద్దుటి బిగుతుకు ఇది హాయి. కీలు ఎర్రగా, వేడిగా, ఉబ్బి ఉన్నప్పుడు మాత్రం వేడి పెట్టొద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టాలి. తిమ్మిరితో స్పర్శ తెలియని పాదాలకు ఏ కాపడమూ వద్దు, కాలినా తెలియదు.

పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ముంచి, ఆ నీటిలోనే పిడికిలి ముడిచి తెరవడం పదిసార్లు చేయండి. అందులో ఉప్పు వేసినా వేయకపోయినా తేడా ఉండదు. ఎప్సమ్ సాల్ట్ అని అమ్మేది ఉప్పే కాదు, మెగ్నీషియం సల్ఫేట్. అది చర్మం గుండా వాపు తగ్గేంతగా లోపలికి వెళ్తుందన్న రుజువు లేదు. స్నానానికి వాడుకోవచ్చు, తాగితే మాత్రం విరేచనాలు పట్టుకుంటాయి.

వంటలో ఉప్పు తగ్గించడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. నలుగురికీ రోజుకు 20 గ్రాములు, అంటే అంచు సమానంగా గీసిన నాలుగు టీ చెంచాలకు కొంచెం తక్కువ. పొద్దునే కొలిచి చిన్న గిన్నెలో పోయండి. పప్పు, కూర, చారు అన్నీ అందులోంచే. అన్నంలోకీ మజ్జిగలోకీ ఉప్పు మానేయండి. కూరలో నిమ్మరసం, చింతపండు, వేయించిన జీలకర్ర కొంచెం పెంచితే చప్పదనం తెలియదు. ఊరగాయ వేసుకున్న పూట కూరలో ఉప్పు సగానికి తగ్గించండి. అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు వారానికి ఒకసారి చాలు. రెండు మూడు వారాలకు నాలుక అలవాటు పడుతుంది. బీపీ ఉన్నవాళ్లు రోజుకు నాలుగైదు గ్రాముల ఉప్పు తగ్గిస్తే పై అంకె సగటున అయిదు దాకా దిగుతుంది. మీరు తగ్గించబోయేది అంతకు రెట్టింపు.

షాపుల్లో ‘లో సోడియం’ ఉప్పు కనపడితే మీకోసం కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మామూలు వాళ్లకు మంచిదే. టెల్మిసార్టాన్ వాడుతూ, కిడ్నీల పరిస్థితి ఇంకా తేలని మీకు మాత్రం రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

మీ ఆడపడుచుకు ఏం చెప్పాలన్నది కూడా మీ ఉత్తరంలో ధ్వనించింది. వాదన పెట్టుకోవద్దు. ‘నాకు కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది, డాక్టరు ఆపమన్నారు. నువ్వు కూడా ఒకసారి బీపీ చూపించుకో వదినా’ అనండి. ఆవిడ తాగుతున్నది కూడా రోజుకు మూడు గ్రాములో ఆరు గ్రాములో ఉప్పే. ఆవిడ బీపీ ఎప్పుడు చూపించుకున్నారో మీరు రాయలేదు.